చలికాలం, మన కారు, కాస్తంత మైనం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను ఎవరి దయాధర్మమూ కాదని తేల్చిచెప్పింది. ఆ తీర్పును గూర్చి నాకంటె బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. డి.ఏ. బకాయిల సంగతి అధ్యక్షులవారు చూసుకుంటారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "ఇంటికి పనికివచ్చేది ఏదైనా చెప్పండి" అని కోరారు. 35 ఏళ్లు ఫైళ్లు కట్టిన గుమస్తాను. రిటైరయ్యాక చేతులతో నేర్చుకున్న పని ఒక్కటే, కారుకు మైనం పట్టించడం. నవ్వేవారు నవ్వవచ్చు. కాని ఈ హాలు బయట ఉన్న కార్లను లోపలికి వస్తూ చూశాను. ఒక్కదాని మీదా పెయింటు సరిగా లేదు.

సర్వీసులో మనకు సైకిలు, ఆపైన స్కూటరు. ఇప్పుడు ఇంటి ముందు కారు ఉన్నదంటే చాలావరకు అది పిల్లలు కొని, హైదరాబాదుకో అమెరికాకో వెళుతూ మనకు అప్పగించినది. నెలకు నాలుగుసార్లు కూడా కదలదు. అయినా అర్ధరాత్రి ఆస్పత్రికి పోవాలంటే అదే దిక్కు. అందుకని దాన్ని ప్రాణంగా చూసుకుంటాం. ఆ ప్రేమతోనే దాన్ని పాడుచేస్తున్నామని నా మనవి.

ఎట్లాగంటారా? రోజూ తుడిచి. తెల్లవారుజామున మంచు పడి కారు తడిసి ఉంటుంది. పనిమనిషో వాచ్‌మనో ఒక బక్కెట్టు, ఒక గుడ్డ తెచ్చి అదే నీళ్లతో పైనుంచి కింది దాకా లాగేస్తారు. ఆ తడిలో ఏముంది? మన రేగడి దుమ్ము ఉంది. ఒంగోలు వైపువారికి చీమకుర్తి లారీల రాతిపొడి ఉంది. గుడ్డతో రుద్దితే అది గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఈనాటి కార్లకు రంగు మీద పారదర్శకమైన వార్నిషు పొర ఒకటి ఉంటుంది, మెకానిక్కులు క్లియర్ కోట్ అంటారు. అది తల వెంట్రుక కంటె పలచన. ఎండలో నిలబడి బానెట్‌ను ఏటవాలుగా చూడండి, సాలెగూడులాగ సన్నని గీతలు కనపడతాయి. అవన్నీ మన శుభ్రతే.

పాత అంబాసిడర్లకు ఈ పొర ఉండేది కాదు. పాలిష్ పెడితే గుడ్డకు రంగే అంటుకునేది, అది మురికి అనుకుని డ్రైవర్లు ఇంకా గట్టిగా రుద్దేవారు. నేను 1973లో ఉద్యోగంలో చేరిన కార్యాలయంలో జీపును పొద్దున్నే కిరసనాయిలు గుడ్డతో తుడిచేవారు. గంటసేపు తళతళ, ఆ తరువాత రోడ్డు మీది దుమ్మంతా దానికే. పెట్రోలుకు పద్దు ఉండేది గాని పాలిష్‌కు ఉండేది కాదు, వారిని అనడానికి లేదు. కొబ్బరినూనె రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. దానిదీ అదే కథ.

మైనం రాయడం మెరుపు కోసం కాదు. రోజూ ఆ కారు మీద చెయ్యి వేయనక్కరలేకుండా చేసుకోవడం కోసం. మైనం ఉన్న చోట దుమ్ము పట్టు దొరక్క తేలికగా పోతుంది. మంచు బొట్లుగా నిలిచి, ఆరాక మచ్చ మిగిల్చినా, ఆ మచ్చ పైపైనే ఉంటుంది. వారానికి ఒకసారి నీళ్లు పోసి కడిగితే చాలు. చలిలో అయిదు గంటలకు ఒక ఆడమనిషి చేత చన్నీళ్లలో గుడ్డ పిండించే పని తప్పుతుంది. నాకైతే అదే పెద్ద లాభంగా కనపడుతుంది.

మిషిగన్‌లో మా అబ్బాయి కూడా చలికాలానికి ముందే మైనం పట్టిస్తాడు. అక్కడ మంచుగడ్డ కరగడానికి రోడ్లకు ఉప్పు చల్లుతారు, ఆ భయం వాళ్లది. మనకు ఉప్పు బెడద వాడరేవు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్లలోనే. మిగిలినచోట్ల ధనుర్మాసపు మంచు, చిలకలూరిపేట పక్క జిన్నింగు మిల్లుల పత్తినూగు, మరి నెలా రెండు నెలల్లో మిరపకాయ టిక్కీలతో గుంటూరు యార్డుకు బారులు తీరే లారీల దుమ్ము. కనుక తుపాను వానలు వెనకబడి మిరప కోతలు ఊపందుకోని ఈ రోజులే అనువైనవి.

బజారులో రెండు రకాల డబ్బాలుంటాయి. పాలిష్ అన్నది పై పొరను కొద్దిగా అరగదీస్తుంది. మైనం పైన కప్పు వేస్తుంది. రెంటినీ ఒకటనుకుని ఏటా నాలుగుసార్లు పాలిష్ పెట్టిస్తే వార్నిషు మిగలదు. డబ్బా మీద కార్నౌబా అని ఉంటే అది బ్రెజిలు దేశపు ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం. తేనెమైనం 62, 64 డిగ్రీలకే కరుగుతుంది. ఇది 82 దాటితే గాని కరగదు. రెంటచింతల ఎండలు ఎరిగిన మనకు ఆ తేడా చెప్పనక్కరలేదు. అయినా దీని ఆయుష్షు రెండు మూడు నెలలే. ఇప్పుడు రాస్తే శివరాత్రి దాకా భరోసా.

ఇక నిలవడం, నిలవకపోవడం మైనం ధరలో లేదు, కడగడంలో ఉంది. మురికి మీద రాసిన మైనం మురికితోనే పోతుంది. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్ము జారనివ్వాలి. తరువాత కారు షాంపూ. గిన్నెల సబ్బు, బట్టల పౌడరు వద్దు, అవి ఉన్న మైనాన్ని కూడా ఊడ్చేస్తాయి. రెండు బక్కెట్లు పెట్టుకోవాలి, ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి. చివరి నీళ్లు మాత్రం బోరువి కాకుండా కుళాయివి పోయండి. కనిగిరి, దర్శి ప్రాంతపు సభ్యులకు స్టీలు బిందె మీద తెల్లచారలు ఎట్లా కడతాయో తెలుసు. కారు మీదా అంతే.

బాగా ఆరాక చేతివేళ్లకు పలచని పాలిథీన్ కవరు తొడిగి మెల్లగా రాసి చూడండి. కంటికి కనపడని గరుకు వేళ్లకు తెలుస్తుంది. దానికి బంకమట్టి ముద్దలాంటిది అమ్ముతారు, షాంపూ నీళ్లు చల్లుకుంటూ తేలికగా జరిపితే సరిపోతుంది. తారు చుక్క ఉంటే గుడ్డ కొసకు కిరసనాయిలు, వెంటనే మళ్లీ షాంపూ.

మైనం నీడన రాయాలి, రేకు చల్లగా ఉండాలి. పొద్దున తొమ్మిదిన్నర, పది కాకముందు మొదలుపెట్టవద్దు, సందుల్లో మంచుతడి ఉంటుంది. సాయంత్రం నాలుగు లోపల ముగించాలి. ఆ రాత్రికి కారు పైకప్పు కింద ఉంటే మంచిది. ఒక తలుపుకు రూపాయి బిళ్లంత మైనం చాలు. మనవాళ్లు ఇడ్లీకి వెన్న రాసినట్టు రాస్తారు! మందంగా రాసినదంతా తుడిచేటప్పుడు గుడ్డకే పోతుంది. ఒక్కొక్క భాగమే రాసి, పొగమంచులా తెల్లబడ్డాక వేలితో గీసి చూడండి. గీత శుభ్రంగా వస్తే తుడవవచ్చు. రాయడానికి బొత్తాలు, కుట్లు లేని పాత బనియను గుడ్డ చాలు, తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ కొనుక్కోండి. ఇంత పత్తి పండే చోట గుడ్డ కొనమంటావా అని మా ఆవిడ అడిగింది. అయినా కొనవలసిందే. నల్ల ప్లాస్టిక్ బంపరుకు, రబ్బరుకు మైనం తగలనీయవద్దు, తెల్లమచ్చ పట్టి వదలదు.

ఒక హెచ్చరిక. టాపు అందలేదని స్టూలు ఎక్కవద్దు. మన వయసులో తుంటి ఎముక కంటె కారు విలువైనది కాదు. ఆ పని మనవడికి చెప్పండి. మీరు బానెట్, డిక్కీ చూసుకోండి. మంచు, కాకిరెట్టలు ఎక్కువగా పడేది పైభాగాల మీదే. మైనం ఉన్నా రెట్టను వెంటనే తడిపి తీయాలి, మైనం కొంత వ్యవధి ఇస్తుంది, అంతే.

సిరామిక్ కోటింగు వేయిస్తామని పది, ఇరవై వేలు అడిగేవారు ఇళ్లకే వస్తున్నారు. అది మోసమని నేననను, ఎక్కువ కాలం ఉంటుంది. కాని నెలకు నాలుగుసార్లు కదిలే కారుకు పెన్షను డబ్బు అంత పెట్టడం నాకు సమ్మతం కాదు. కొన్ని వందల మైనం డబ్బా మూత బిగించి పెట్టుకుంటే రెండు మూడు శీతాకాలాలు వస్తుంది. నలుగురు సభ్యులు కలిసి ఒకటి కొన్నా నష్టం లేదు.

డబ్బా ఒకటి వెంట తెచ్చాను. కార్యదర్శిగారు తమ కారును పొద్దున్నే కడిగించి, వెనక వరండా నీడన పెట్టించారు. టీ తాగాక బానెట్‌కు సగం రాసి చూపిస్తాను. మిగిలిన సగం వారు స్వయంగా రాస్తామని మాట ఇచ్చారు. సెలవు.