ఉయ్యాల నుండి అంగన్‌వాడి వరకు: పసివారి ఆలోచన, మాట, మైత్రి



జాతీయ సమైక్యతను గురించి మాట్లాడుకొనే సందర్భాలలో మన దృష్టి సహజంగా రాజ్యాంగం మీదికి, చట్టసభల మీదికి, చరిత్ర మీదికి పోతుంది. ఉయ్యాల మీదికి పోదు. కాని మనిషి తోటి మనిషితో కలిసి బ్రతకడం మొట్టమొదట నేర్చుకొనేది ఉయ్యాలలోనే, తల్లి ఒడిలోనే, ఇంటి వాకిట్లోనే. 2011 జనాభా లెక్కల ప్రకారం కనీసం పదివేల మంది మాట్లాడే భాషలు మన దేశంలో 121 ఉన్నవి. ఇన్ని భాషల ఇళ్ళలో పుట్టిన పసివారు మూడవ ఏడు నిండగానే ఇల్లు దాటి అంగన్‌వాడి గడప త్రొక్కుతారు. ఇంటికీ దేశానికీ నడుమ ఉన్న మొదటి గడప అది. ఆ గడప మీద బిడ్డ నోరు విప్పుతుందా, మూసుకొంటుందా అన్నది చిన్న విషయం కాదు.

పసివారి వికాసాన్ని ఆలోచన, భాష, సాంఘిక ప్రవర్తన అని మూడు శీర్షికలుగా విభజించడం పాఠ్యగ్రంథాల పద్ధతి. చదువరుల సౌకర్యానికి ఆ విభజన మంచిదే. అయితే బిడ్డలో అవి మూడూ విడివిడిగా పెరగవు. మూడు పోగులు పెనవేసిన త్రాడువలె పెరుగుతాయి. ఒక పోగు తెగితే తక్కిన రెండింటి బిగువు సడలుతుంది. పుట్టినది మొదలు ఆరవ ఏటి వరకు ఈ త్రాడు ఎలా పెనవేసుకొంటుందో, అందులో ఇంటి భాషకు గల స్థానం ఏమిటో తెలుసుకోవడం ఉపాధ్యాయులకే గాక తల్లిదండ్రులకూ అవసరం.

చెవి ముందు, నోరు తరువాత

భాషాభ్యాసం మొదటి మాట పలికిన నాడు మొదలు కాదు. గర్భంలో ఉన్న చివరి నెలలలోనే శిశువు చెవి పనిచేస్తుంది. పుట్టి మూడు రోజులైనా కాని శిశువులు పరాయి స్త్రీ గొంతు కంటె తల్లి గొంతును ఎక్కువగా కోరుకొంటారని 1980లో అమెరికాలో డి కాస్పర్, ఫైఫర్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు.

అంతకంటె ఆశ్చర్యకరమైన విషయం 1984లో వెలువడింది. కెనడాకు చెందిన జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ హిందీలోని తకారాన్నీ టకారాన్నీ ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని శిశువులకు వినిపించారు. మనకు 'పాత' వేరు, 'పాట' వేరు. 'కోత' వేరు, 'కోట' వేరు. ఇంగ్లీషులో ఈ భేదం లేదు. అందుచేత ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పెద్దలు ఆ రెండు ధ్వనులనూ విడదీసి వినలేరు. కాని ఆరు నుండి ఎనిమిది నెలల వయస్సులో ఉన్న ఇంగ్లీషు ఇళ్ళ శిశువులు ఆ భేదాన్ని స్పష్టంగా గుర్తించారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. హిందీ ఇళ్ళలోని శిశువులలో మాత్రం అది నిలిచి ఉన్నది.

అనగా శిశువు ఏ భాషకైనా సిద్ధమైన చెవితో పుడుతుంది. ఏడాది తిరిగేలోపల తన ఇంటి భాషకు అనుగుణంగా ఆ చెవిని సరిచేసుకొంటుంది. ఒక్క మాట కూడ పలకకముందే ఈ పని జరిగిపోతున్నది. ఉంగా ఉంగా అనడం, ఆరేడు నెలలకు బాబా, దాదా వంటి అక్షరాలు కలపడం, పుట్టినరోజు నాటికి ఒకటి రెండు మాటలు పలకడం, రెండవ ఏడు నిండేసరికి రెండు మాటలు జోడించడం దీని తరువాతి మెట్లు. వయస్సులో కొద్ది తేడాలున్నా క్రమం మాత్రం అన్ని భాషల పిల్లలలోను దాదాపు ఒకటే. గోండు బిడ్డకూ, బెంగాలీ బిడ్డకూ, తెలుగు బిడ్డకూ ప్రకృతి ఇచ్చిన మూలధనం సమానమే.

వ్రేలు చూపిన చోట

చెవి మాత్రమే ఉంటే భాష రాదు. బదులు పలికే మనిషి ఉండాలి. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం చేశాడు. బిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని కొద్ది నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో కదలక కూర్చోమన్నాడు. కొన్ని నెలల బిడ్డ మొదట నవ్వింది, చేతులు చాచింది, తల్లిని తిరిగి ఆటలోకి దించుకోవడానికి తనకు తెలిసిన ఉపాయాలన్నీ చేసింది. ఫలితం లేకపోయేసరికి ముఖం త్రిప్పుకొని కలత చెందింది. సంభాషణ అనేది మాటలు రాకముందే మొదలవుతుందని, దాని కోసం బిడ్డ ఎంతగా ఎదురుచూస్తుందో ఈ ప్రయోగం చూపింది. నేడు అనేక గృహాలలో తల్లిదండ్రుల ముఖాన్ని అలా నిశ్చలం చేస్తున్నది చేతిలోని ఫోను. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుండి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. తెర మాట్లాడుతుంది గాని, బిడ్డ అన్నదానికి బదులు పలకదు.

తొమ్మిదవ నెల దాటిన తరువాత మరొక గొప్ప మార్పు వస్తుంది. బిడ్డ పిట్ట వైపు చూచి, అమ్మ వైపు చూచి, మళ్ళీ పిట్ట వైపు చూస్తుంది. తరువాత వ్రేలు చూపుతుంది. తాను, తల్లి, పిట్ట ముగ్గురూ ఒక వలయంలో చేరినట్లే. 'అదిగో పిట్ట' అని ఆ క్షణాన తల్లి అన్న మాట ఆ పిట్టకు అతుక్కొంటుంది. ఇందులో గమనించడం ఆలోచన, పేరు భాష, పంచుకోవడం మైత్రి. మూడు పోగులూ ఒకే ముడిలో కలిసేది ఇక్కడే.

ఆటలో ఆలోచన

జీన్ పియాజే, లెవ్ వైగాట్‌స్కీ ఇద్దరూ 1896లోనే జన్మించారు. ఒకరు స్విట్జర్లాండులో, మరొకరు రష్యా సామ్రాజ్యంలో. పిల్లల ఆలోచనను గురించి నేటి ప్రపంచానికి తెలిసిన దానిలో అధికభాగానికి వీరిద్దరే బాటలు వేశారు.

పియాజే బిడ్డను చిన్న శాస్త్రజ్ఞునిగా చూచాడు. కళ్ళ ముందున్న వస్తువును గుడ్డ క్రింద దాచితే ఐదు నెలల బిడ్డ దానికోసం వెదకదు. ఎనిమిది తొమ్మిది నెలల బిడ్డ గుడ్డ తొలగించి చూస్తుంది. కనిపించనిది కూడ ఉన్నదనే జ్ఞానం క్రమంగా స్థిరపడుతుంది. ఆ వయస్సుకు ముందే బిడ్డకు ఈ ఊహ కొంత ఉంటుందని తరువాతి పరిశోధకులు చూపారు. మన ఇళ్ళలో ఏ గ్రంథమూ చదవని అమ్మమ్మలు ఆడించే దోబూచులాట సరిగ్గా ఈ పాఠమే. చీర చెంగు చాటున మాయమైన ముఖం మళ్ళీ వస్తుందని బిడ్డ నమ్మడం నేర్చుకొంటుంది.

వైగాట్‌స్కీ మరొక సంగతి గమనించాడు. మూడు నాలుగేళ్ళ పిల్లలు ఒంటరిగా ఆడుకొంటూ తమలో తాము బిగ్గరగా మాట్లాడుకొంటారు. 'ఇది ఇక్కడ పెట్టాలి, ఇది పడిపోతుంది, పెద్దది కావాలి' అని తమకు తామే చెప్పుకొంటారు. ఇది అర్థంలేని వాగుడు కాదు. పెద్దలతో జరిపిన సంభాషణే క్రమంగా లోపలికి మళ్ళి ఆలోచన అవుతున్నదని ఆయన వివరించాడు. ఈ మాటను బట్టి ఒక ప్రశ్న పుడుతుంది. ఆ లోపలి సంభాషణ ఏ భాషలో జరుగుతుంది? బిడ్డతో ఇంటిలో జరిగిన సంభాషణ ఏ భాషలోనిదో ఆ భాషలోనే. అంగన్‌వాడిలో అకస్మాత్తుగా ఆ భాష వినిపించకపోతే బిడ్డ కోల్పోయేది కొన్ని మాటలను కాదు, ఆలోచించే పనిముట్టునే.

మేము, మనము

ఇతరుల మనస్సు తన మనస్సు వంటిదే అయినా తనదే కాదన్న ఎరుక సాంఘిక జీవితానికి పునాది. 1983లో హైంజ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ దీనిని ఒక చిన్న కథతో పరీక్షించారు. ఒక బాలుడు తన చాక్లెట్టును ఒక అలమరలో దాచి ఆడుకోవడానికి పోతాడు. అతడు లేనప్పుడు తల్లి దానిని వేరొక అలమరలో పెడుతుంది. తిరిగి వచ్చిన బాలుడు ఎక్కడ వెదకుతాడు? మూడేళ్ళ పిల్లలు ఎక్కువగా క్రొత్త చోటునే చూపుతారు; తమకు తెలిసినది అందరికీ తెలుసునని వారి నమ్మకం. నాలుగైదేళ్ళ మధ్య పిల్లలు సాధారణంగా పాత చోటును చూపగలుగుతారు. ఎదుటివాని కంటితో లోకాన్ని చూడడం అప్పటికి వారికి అలవడుతుంది.

తెలుగు బిడ్డకు ఈ పాఠం భాషలోనే ఇమిడి ఉన్నది. 'మేము' అంటే వింటున్నవాడు లేడు. 'మనము' అంటే వింటున్నవాడూ ఉన్నాడు. ఆ మాట సరిగా వాడాలంటే ఎదుటివానిని లెక్కలోనికి తీసుకోవాలి. తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ భాషలలోను ఈ భేదం ఉన్నది. ఇక నువ్వు అనాలా, మీరు అనాలా, ఎవరు పెద్దమ్మ, ఎవరు పిన్ని, ఎవరు అత్తయ్య అనేవి నేర్చుకొంటూ బిడ్డ తన చుట్టూ ఉన్న సమాజపు పటాన్నే నేర్చుకొంటుంది. బొమ్మలాటలో తల్లి వేషం కట్టడం, కుందేలు కథలో సింహంగా గర్జించడం, తన వంతు వచ్చేవరకు ఆగడం ఇవన్నీ ఆ అభ్యాసంలో భాగాలే. మూడేళ్ళ బిడ్డ చేతికి పలక ఇచ్చి ఆట మానిపించేవారు చదువును త్వరపరచడం లేదు. దాని పునాదిని త్రవ్వివేస్తున్నారు.

వాకిలి బడి అయిన విధం

ఈ సత్యాన్ని గ్రహించినవారు మన దేశంలో చాలాకాలం క్రిందటనే ఉన్నారు. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించి దండన లేని చదువును గుజరాతీ కథలతో, ఆటలతో నడిపారు. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసులోని అడయారుకు వచ్చి వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. గిజుభాయితో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో నేటి మహారాష్ట్రలోని బోర్డి గ్రామానికి తరలి, అనుతాయి వాఘ్ తోడ్పాటుతో గ్రామ బాలశిక్షా కేంద్రం ప్రారంభించారు. వార్లీ గిరిజనుల బిడ్డలు బడికి రాకపోతే బడినే వారి పాకల వాకిళ్ళకు తీసుకొనిపోయారు. ఖరీదైన ఉపకరణాలకు బదులు గింజలు, గవ్వలు, ఆకులు, రాళ్ళు పాఠ్యసామగ్రి అయినవి. అంగన్ అంటే వాకిలి. అంగన్‌వాడి అనే పేరులోనే ఆ దృష్టి ఉన్నది.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం 33 ప్రాజెక్టులతో ప్రారంభమయింది. నేడు దేశంలో సుమారు 14 లక్షల అంగన్‌వాడి కేంద్రాలు ఉన్నవి. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలతోపాటు పూర్వ ప్రాథమిక విద్య కూడ వీటి బాధ్యతే. అయితే ఆహారం కంటికి కనబడుతుంది, మాట కనబడదు. కనుక రెండవది తరచు వెనుకబడుతుంది. జమైకాలో ఎదుగుదల మందగించిన 129 మంది చిన్నపిల్లలపై 1980లలో జరిగిన పరిశోధన ఇక్కడ గుర్తుంచుకోదగినది. కొందరికి అదనపు ఆహారం ఇచ్చారు. కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారం వారం రెండేళ్ళపాటు వెళ్ళి, బిడ్డతో ఆడడం, మాట్లాడడం తల్లులకు నేర్పారు. ఇరవై ఏళ్ళ తరువాత చూస్తే, ఆటా మాటా అందిన పిల్లల సంపాదన అందనివారి కంటె 25 శాతం ఎక్కువగా ఉన్నది. ఆహారం అనవసరమని దీని అర్థం కాదు. ఆకలి తీరిన బిడ్డకు మాటా కావాలని అర్థం.

గడప మీద మౌనం

ఇప్పుడు ఆ మొదటి గడప దగ్గరకు రావలసి ఉన్నది. ఆదిలాబాదు అడవులలో గోండి మాట్లాడే బిడ్డ, భద్రాచలం ప్రాంతపు కోయ బిడ్డ, శ్రీకాకుళం కొండలలోని సవర బిడ్డ తెలుగు మాత్రమే వినిపించే గదిలో కూర్చుంటే ఏమవుతుంది? ఒడిశా నుండి తెలంగాణ ఇటుక బట్టీలకు వలస వచ్చిన కూలీల బిడ్డ సంగతి ఏమిటి? షోలాపూరుకు, భీవండికి వెళ్ళి స్థిరపడిన తెలుగు నేతగాళ్ళ బిడ్డ మరాఠీ గదిలో ఉన్నప్పుడూ ప్రశ్న ఇదే. ఇంటివద్ద గలగల మాట్లాడిన బిడ్డ అక్కడ మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని మందబుద్ధి అని పొరబడితే అన్యాయం మొదలయినట్లే. బిడ్డకు తెలియనిది విషయం కాదు. ఆ గది భాష.

ఇంటి భాషను నిలిపితే ప్రాంతీయ భాష, జాతీయ జీవితం దూరమవుతాయని కొందరి భయం. ఒడిశాలోని ఫుల్బణి ప్రాంతపు కంధ పిల్లలను అజిత్ మహంతి దీర్ఘకాలం పరిశీలించారు. ఒడియా మాత్రమే తెలిసిన పిల్లల కంటె కుయి, ఒడియా రెండూ వచ్చిన పిల్లలు అనేక ఆలోచనా పరీక్షలలో మెరుగుగా నిలిచారు. ఒక భాష మరొక భాషకు చోటు లేకుండా చేయదు, మెట్టుగా నిలుస్తుంది.

ఈ దారిలో అడుగులు పడకపోలేదు. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పించాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 8 గిరిజన భాషలలో బహుభాషా విద్య ప్రారంభమయింది. ఒడిశా 'నువా అరుణిమా' పేరున గిరిజన భాషలలో అంగన్‌వాడి పాఠ్యక్రమం రూపొందించింది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ వయస్సు నుండి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా గుర్తించి, వీలైన చోట్ల ఇంటి భాషకు ప్రాధాన్యమిచ్చింది.

విధానాలు వ్రాతలో ఉన్నంత మాత్రాన బిడ్డ నోరు విప్పదు. అందుకు కావలసినవి గొప్ప ఖర్చులు కావు. కార్యకర్తకు బిడ్డ భాష రాకపోతే, వచ్చిన సహాయకురాలినో ఇరుగుపొరుగు తల్లినో ప్రక్కన కూర్చోబెట్టుకోవచ్చు. గూడెంలోని అవ్వను పిలిచి వారానికొక కథ చెప్పించవచ్చు. ఆ భాషలో నీళ్ళకు, అన్నానికి, ఆకలికి, నొప్పికి ఏమంటారో కార్యకర్త తానే నేర్చుకోవచ్చు. తన భాషలోని పది మాటలు పంతులమ్మ నోట విన్న బిడ్డ, ఆమె భాషలోని వంద మాటలు నేర్చుకోవడానికి సంతోషంగా ముందుకు వస్తుంది. తక్కిన పిల్లలు కూడ ఆ పది మాటలు నేర్చుకొంటే, పరభాష పరాయిది కాదన్న సంగతి వారికి ఐదేళ్ళకే తెలుస్తుంది.

సమైక్యత అంటే అందరూ ఒకే మాట పలకడం కాదు. ఎదుటివానిని లెక్కలోనికి తీసుకొని పలకడం. తెలుగు బిడ్డ 'మేము' అనవలసిన చోట 'మేము' అని, 'మనము' అనవలసిన చోట 'మనము' అని అనడం ఆరేళ్ళలోపలే నేర్చుకొంటున్నది. ఆ 'మనము'లో ప్రక్కన కూర్చున్న సవర బిడ్డకు, ఒడియా బిడ్డకు చోటు ఉండేటట్లు చూడవలసిన బాధ్యత పెద్దలది.