ఫొటోతో పాటు పేరు కూడా

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కూర్మన్నపాలెంలో జరిగిన యువజన సమావేశంలో మా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

థింసా బృందం గజ్జెలు కట్టుకుని సిద్ధంగా ఉంది, వాళ్ళను ఎక్కువసేపు కూర్చోబెట్టం. అయినా ఈ విషయం ఈరోజే చెప్పాలనుకున్నాం, ఎందుకంటే పొద్దున్నుంచి మీరందరూ చేస్తున్న పని అదే. ఫొటోలు తీస్తున్నారు. ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో అన్ని ఫోన్లున్నాయి, బహుశా ఇంకాస్త ఎక్కువే. చైత్రంలో ఊళ్ళో జరిగిన ఇటుకల పండుగ, అప్ప పెళ్ళి, పోయిన ఏడాది చలికాలంలో మామ్మ ఎండలో కూర్చున్న ఫొటో, అన్నీ అందులోనే ఉంటాయి. వాటిలో ఎన్ని మీ ఫోన్లో తప్ప మరోచోట కూడా ఉన్నాయి? ఒక్క నిమిషం ఆలోచించండి.

మన వాళ్ళ పాత ఫొటోలు ఎక్కడున్నాయో ముందు చెబుతాం. ఎడ్గర్ థర్‌స్టన్ అనే ఇంగ్లీషు అధికారి 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేయించాడు. గదబల గురించి, పోర్జల గురించి, కోందుల గురించి అందులో ఉంది. ఫొటోలూ ఉన్నాయి. ఆ తర్వాత 1940లలో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు పాపికొండల్లో కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్‌లో గోండుల మధ్య తిరిగి వేల ఫొటోలు తీశాడు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి, ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. అంటే ఎనభై ఏళ్ళ కిందట ఎవరో బయటివాడు తీసిన మన తాతల ఫొటో లండన్‌లో క్షేమంగా ఉంది. పోయిన నెల మనం తీసిన మన తాత ఫొటో ఉంటుందో లేదో మాత్రం ఫోన్ బ్యాటరీ చెప్పాలి!

ఇంకొక మాట. థర్‌స్టన్ పుస్తకంలో బొమ్మల కింద చాలావరకు తెగ పేరో కులం పేరో ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆమె ఎవరి అమ్మ, ఏ ఊరు, ఎవరి కోడలు? ఎవరికీ తెలియదు. నారతో తామే నేసుకున్న చారల చీర కట్టిన గదబ స్త్రీ అని చెప్పగలం, అంతే. ఫొటో మిగిలింది, మనిషి పోయింది. అందుకే ఈరోజు మేము రెండు దాచమంటున్నాం, ఫొటోనూ, పేరునూ. రెండోది చాలామంది మరచిపోతారు.

మనకే ఎందుకింత పట్టింపు అని అడగొచ్చు. ఈ కూర్మన్నపాలెం చుట్టుపక్కలే చూడండి. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. దానికోసం ఇక్కడ ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. ఆ నిర్వాసితుల కుటుంబాల పిల్లలు మీతో కాలేజీల్లో చదువుతున్నారు. మీ తాతల ఊరి ఫొటో ఒకటి చూపించమని వాళ్ళను అడిగి చూడండి. చాలా ఇళ్ళల్లో ఉండదు, అప్పట్లో కెమెరా ఎవరింట్లో ఉంది? పోలవరం ముంపులో దేవీపట్నం వైపు కొండరెడ్ల, కోయల ఊళ్ళు ఖాళీ అయ్యేసరికి మాత్రం కుర్రాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి. ఇల్లు, గట్టు, గుడి, చింతచెట్టు, అన్నీ తీసి ఉంటారు. ఆ ఫోన్లు ఇప్పుడెక్కడ? రెండు మూడు ఏళ్ళకు ఫోన్ మార్చే కాలం ఇది.

అటవీ హక్కుల చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. 2008 నాటి నియమాల్లో 13వ నియమం సాక్ష్యాల గురించి చెబుతుంది. ఇళ్ళు, గట్లు, చెక్‌డ్యాముల్లాంటివీ, పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలూ, పెద్దల వాఙ్మూలం రాసి పెట్టినదీ, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఫొటో ఒక్కటే పట్టా ఇప్పించదు. కానీ తాత గట్టు మీద నిలబడ్డ ఫొటో, తేదీతో, స్థలం పేరుతో ఉంటే పెద్దాయన చెప్పే మాటకు బలం వస్తుందని మా అభిప్రాయం. కుటుంబ ఫొటో అంటే ముచ్చట ఒక్కటే కాదు.

సరే, ఇవి ఎలా పోతాయి? ఫోన్ నీళ్ళల్లో పడటం, బస్సులో పోవడం అందరికీ తెలిసినవే. మేము చూసినంతలో ఎక్కువ ఫొటోలు చప్పుడు లేకుండా పోతున్నాయి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ పెట్టుకున్నాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ యాప్ మామూలుగా వై-ఫై దొరికితేనే ఫొటోలు పైకి ఎక్కిస్తుంది. మొబైల్ డేటాతో ఎక్కించాలంటే సెట్టింగ్స్‌లో మనమే అనుమతి ఇవ్వాలి. దువ్వాడలో, వడ్లపూడిలో అద్దె గదుల్లో ఉండే మన పిల్లల్లో వై-ఫై ఎందరికి ఉంది? అదలా ఎదురుచూస్తూనే ఉంటుంది, నెలలు గడిచిపోతాయి. రెండోది, మామూలుగా అది కెమెరాతో తీసిన ఫొటోలనే తీసుకుంటుంది. వాట్సాప్‌లో వచ్చినవి వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, ఆ ఫోల్డర్‌కు బ్యాకప్ విడిగా ఆన్ చేయాలి. ఊరినుంచి మామయ్య పంపిన ఫొటోలన్నీ అక్కడే ఉంటాయి కదా! ఈ రెండూ ఇప్పుడే ఫోన్ తీసి చూసుకోండి, మేమేమీ అనుకోం.

మూడోది చోటు. 2021 జూన్ 1 తర్వాత గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా అంతులేని చోటు లేదు. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ. ఒక ఫొటో మూడు ఎంబీ అనుకుంటే సుమారు అయిదు వేల ఫొటోలు. వీడియోలుంటే ఒక్క పండుగకే చాలా భాగం నిండిపోతుంది. నిండాక బ్యాకప్ ఆగిపోతుంది. ఫోన్‌లో ఎక్కడో చిన్న హెచ్చరిక వస్తుంది, దాన్ని చేత్తో పక్కకు తోసేస్తాం.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఖాతా. ఊళ్ళో తాతకు ఫోన్ కొన్నప్పుడు జీమెయిల్ ఎవరు పెట్టారు? ఫోన్లు అమ్మిన కుర్రాడు పెట్టాడు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. దానికి ఇచ్చిన నంబరుకు రీఛార్జి ఆగిపోయింది, కొన్నాళ్ళకు ఆ నంబరు వేరేవాళ్ళకు పోయింది. ఇక ఆ ఖాతా తలుపు తెరవడం దాదాపు కుదరదు. పైగా రెండేళ్ళు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ నియమం పెట్టుకుంది. 2023 డిసెంబరు నుంచి అమలు మొదలైంది. పెద్దవాళ్ళు పోయిన ఇళ్ళల్లో ఇది గట్టి దెబ్బ. తాత పోయాక ఆయన ఫోన్ బీరువాలో పెట్టేస్తాం, ఖాతాను ఎవరూ ముట్టుకోరు. కాబట్టి ఇంట్లో ప్రతి ఫోన్‌కూ ఏ జీమెయిల్ ఉందో, పాస్‌వర్డ్ ఏమిటో ఒక నోటు పుస్తకంలో రాసి, రేషన్ కార్డు పెట్టే చోట పెట్టండి. అది ఇంట్లోవాళ్ళకు తప్ప ఇంకెవరికీ చూపించకండి.

ఫేస్‌బుక్‌లో పెట్టాం, అక్కడుంటుందిలే అనేవాళ్ళకు ఒక్క మాట. మీ అన్నలను ఆర్కుట్ గురించి అడగండి. 2014 సెప్టెంబరు 30న మూసేశారు.

ఇంకో తికమక ఉంది. గూగుల్ ఫొటోస్‌కు ఎక్కిన ఫొటోను ఆ యాప్‌లోనే తొలగిస్తే పైనుంచి కూడా పోతుంది, 60 రోజులు చెత్తబుట్టలో ఉండి ఆ తర్వాత శాశ్వతంగా పోతుంది. ఫోన్ నిండిందని ఒక్కొక్కటీ తుడిచేస్తూ, పైన ఉందిలే అనుకోవడం కుదరదు. ఫోన్‌లో చోటు ఖాళీ చేసే ఆప్షన్ వేరే ఉంది, అది పైకి ఎక్కినవాటినే ఫోన్‌లోంచి తీస్తుంది. దాన్నే వాడండి.

అందుకే మూడు చోట్ల ఉంచండి. ఫోన్‌లో ఒకటి, ఇంటర్నెట్‌లో ఒకటి, చేత్తో పట్టుకోగలిగిన హార్డ్ డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఒకటి. కంప్యూటర్ లేకపోయినా ఓటీజీ పెన్‌డ్రైవ్ నేరుగా ఫోన్‌కే తగిలించవచ్చు. పెన్‌డ్రైవ్‌ను మాత్రం ఏళ్ళ తరబడి నమ్మొద్దు. ఏడాదికోసారి తెరిచి చూసి, కొత్తదానిలోకి మార్చుకోవాలి. మనకు ఒక సౌకర్యం ఉంది. మనలో చాలామందికి రెండు ఇళ్ళు, ఇక్కడ అద్దె గది, పైన పాడేరు వైపో అరకు వైపో సొంత ఊరు. ఒక కాపీ ఊళ్ళో ఉంచండి. అయితే అది ఒక్కటే చాలనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. అదే గాలి పైన మన్యంలో సిల్వర్ ఓక్ చెట్లను కూల్చి కాఫీ తోటలను పాడుచేసింది. సముద్రం పక్క ఇల్లూ, కొండమీద ఇల్లూ ఒకే తుపానుకు చిక్కాయి. 2022 జూలైలో గోదావరి వరదకు చింతూరు, కూనవరం, వీఆర్ పురం మునిగినప్పుడు ఇళ్ళల్లో ఆల్బమ్‌లు ఏమైవుంటాయో చెప్పనక్కర్లేదు. ఆ మూడో కాపీ, ఇంటర్నెట్‌లోది, అందుకే.

ఆల్బమ్ అన్నాం కాబట్టి, కాగితం ఫొటోల సంగతి కూడా. ఈ ఉప్పుగాలికి, తేమకు అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బలవంతంగా లాగకండి. విడిగా ఉన్నవాటిని కవరులోంచి తీసి, బల్లమీద పరిచి, పగటిపూట నీడలో, ఫ్లాష్ లేకుండా, పైనుంచి నిటారుగా ఫొటో తీయండి. వెనకవైపు కూడా తీయండి, అక్కడ స్టూడియో ముద్రో, పేరో, తేదీయో ఉంటుంది. ఎవరికైనా పంపాలంటే వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, అది ఫొటోను కుదించేస్తుంది, తీసిన తేదీ, స్థలం వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపండి, ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఇక పేర్లు. దీనికి యంత్రాలతో పని లేదు, పెద్దవాళ్ళు కావాలి. ఊరికి వెళ్ళినప్పుడు మామ్మ పక్కన కూర్చుని ఒక్కో ఫొటో చూపించండి. ఎవరు, ఏ ఇంటివాళ్ళు, ఏ పండుగ, ఎవరు తీశారు. ఫోన్‌లో ఆమె గొంతు రికార్డు చేయండి, ఆమెకు వచ్చిన భాషలోనే చెప్పనివ్వండి. తెలుగులో చెప్పమని తొందరపెట్టొద్దు, చుట్టరికం పేర్లు ఇంటి భాషలోనే సరిగా వస్తాయి. తర్వాత ఆ ఫైలుకు ఏడాది, ఊరు, మనిషి పేరు పెట్టి ఆ ఫొటోల ఫోల్డర్‌లోనే వేయండి. అంకెలతో వచ్చే ఫైలు పేర్లు మీ పిల్లలకు ఏమీ చెప్పవు. ఒక్క కూర్చోవడంలో ఇరవై ఫొటోలు చాలు. ఎక్కువైతే మామ్మ విసుక్కుంటుంది. విసుక్కున్నా రికార్డు ఆపకండి, అది కూడా బాగుంటుంది.

దాచడం వేరు, చూపించడం వేరు. పూజలో కొన్ని సంగతులు బయటివాళ్ళు చూడకూడదని ఊరి పెద్దలు అంటే, ఆ ఫొటోలు దాచండి, పోస్టు చేయకండి. ఆడవాళ్ళ ఫొటోలు, చిన్నపిల్లల ఫొటోలు వాళ్ళనూ వాళ్ళ ఇంటివాళ్ళనూ అడగకుండా గ్రూపుల్లో పెట్టకండి. మన ఫొటోలు మనల్ని అడక్కుండా తీసుకుపోయారని వందేళ్ళుగా బాధపడుతున్నవాళ్ళం, ఆ పనే మనం మన వాళ్ళకు చేస్తే ఎలా?

వెనక బల్ల దగ్గర మన పిల్లలు నలుగురు కూర్చున్నారు. వై-ఫై ఉంది, రెండు రకాల కేబుళ్ళూ ఉన్నాయి. మీ ఫొటోలు మా దగ్గర ఉంచుకోం, మీ పెన్‌డ్రైవ్‌లోకే ఎలా ఎక్కించుకోవాలో చూపిస్తారు. పెద్దవాళ్ళ ఫోన్లు తెచ్చినవాళ్ళు ముందు వెళ్ళండి, వాటికి పాస్‌వర్డ్ వెతకడానికే సమయం పడుతుంది. మధ్యాహ్నం భోజనాల దాకా బల్ల అక్కడే ఉంటుంది. ఇక థింసా మొదలుపెట్టమని చెప్పండి.