కంప కొట్టించే గుత్తకు లెక్క
(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగం)



పాల కేంద్రం వెనుక సర్కారు తుమ్మ పెరిగితే, "ఎంతకు కొడతావు?" అని గుత్తదారుని అడిగి, అతను చెప్పినదానికి ఒప్పుకోవడం మన అలవాటు. మేము తనిఖీ చేసిన ఒక సంఘం 10 సెంట్లకు అలాగే గుత్త ఇచ్చింది. డబ్బూ పోయింది, కట్టెలూ గుత్తదారు బండి కెక్కాయి. మొద్దులు భూమిలోనే ఉన్నందున మరుసటి వానలకే కంప మళ్ళీ లేచింది. పోయింది పాలు పోసినవారి బోనసే గదా!

ముందుగా మధ్యరకంగా పెరిగినచోట ఒక సెంటు, అంటే 48.4 చదరపు గజాలు, రోజుకూలికి కొట్టించండి. మొద్దులు వేళ్ళతో పెకలించడం, ముళ్ళకంప తీసివేయడం కూడా అందులో చేరాలి. అయిన కూలిని మొత్తం సెంట్లతో హెచ్చవేసి, పనిముట్లకు, గుత్తదారు కష్టానికి కొంత కలపండి. కట్టెలు అతనికే వదిలితే వాటి ధర తీసివేయండి. మిగిలినదే న్యాయమైన గుత్త.

వేప, చింత వంటి చెట్లుంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందు అనుమతి పొందాలి. షరతులన్నీ తీర్మానంలో వ్రాయండి. మొద్దులు లేచాయని కళ్ళారా చూచిన తరువాతే ఆఖరు వాయిదా చెల్లించండి.

తుమ్మకాయలు మేసిన పశువుల పేడలో గింజలు మొలుస్తాయి. మొక్కగా ఉన్నప్పుడే పీకివేస్తే రెండవ గుత్త అవసరముండదని మా మనవి.