స్పీకరు వెనక రెండో జత

పండగలు వెళ్లాక నాకొచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. ఎండాకాలంలో స్టెబిలైజర్ల గురించి అడుగుతారు, వానాకాలంలో పిడుగుల గురించి. దసరా, దీపావళి బేరాలు అయ్యాయంటే మాత్రం ఉత్తరాలన్నీ హోమ్ థియేటర్ల మీదే. ఈసారి చాలామంది అడిగింది ఒకటే. "మా కొత్త స్పీకర్లకు వెనకాల రెండు స్క్రూలకు బదులు నాలుగున్నాయి. రెండేసి జతల వైర్లు లాగితే సౌండు రెట్టింపవుతుందని షాపులో చెప్పారు. లాగించమంటారా?" తణుకు నుంచి రాసిన ఒకాయన అయితే గోడకు గాడి కూడా కొట్టించేసి, అందులో ఏ వైరు వేయాలో చెప్పమన్నారు. కొత్తగా రంగు వేయించిన గోడట. చదివి నిజంగా బాధపడ్డాను.

ముందు జవాబు చెప్పేసి తర్వాత మిగతాది మాట్లాడతాను. సౌండు రెట్టింపు కాదు. పావు వంతు కూడా పెరగదు. రెండో జత వైరు కొత్తగా శక్తిని ఎక్కడినుంచీ తీసుకురాదు.

పెద్ద స్పీకరు పెట్టెలో కనీసం రెండు నోళ్లుంటాయి. కింద వెడల్పుగా ఉండేది వూఫరు. పైన రూపాయి బిళ్లంత ఉండేది ట్వీటరు. ఉరుము, లారీ ఇంజను మోత, మృదంగంలో ఎడమచేతి గుమికి, ఇవి వూఫరు పలుకుతుంది. తాళాలు, గజ్జెలు, మాటల్లో స, శ, చ లాంటి అక్షరాల పదును ట్వీటరు పని. ఏ శబ్దం ఎటు పోవాలో విడదీసే చిన్న సర్క్యూటు పెట్టె లోపలే ఉంటుంది, దాన్ని క్రాస్‌ఓవర్ అంటారు. మామూలుగా రెండు నోళ్ల స్పీకర్లలో ఆ పంపకం రెండు మూడు వేల హెర్ట్జుల దగ్గర జరుగుతుంది. అంతకంటే లోతుకు ఇవాళ వెళ్లక్కర్లేదు. స్క్రూలు రెండే ఉంటే రెండు నోళ్లకూ కలిపి ఒకటే గుమ్మం. నాలుగుంటే వూఫరుకో గుమ్మం, ట్వీటరుకో గుమ్మం. కొత్త స్పీకరు అట్టపెట్టె విప్పేసరికి ఈ రెండు గుమ్మాలనూ కలుపుతూ బంగారు రంగు రేకు పట్టీలు రెండు బిగించి ఉంటాయి. వాటిని అలాగే ఉంచి, ఒక్క జత వైరు ఏ గుమ్మానికి బిగించినా స్పీకరు మొత్తం పలుకుతుంది.

ఆ పట్టీలు తీసేసి, స్పీకర్లను నడిపించే రిసీవరు నుంచి వూఫరుకొక జత, ట్వీటరుకొక జత విడివిడిగా లాగడాన్ని బై-వైరింగ్ అంటారు. వినడానికి ఏదో పెద్ద మార్పులాగే ఉంటుంది. కానీ ఒకసారి రిసీవరు వెనక్కి వెళ్లి చూడండి. అక్కడ రెండు ఎర్ర కొసలూ ఒకే ఎర్ర టెర్మినల్లో దూరుతున్నాయి, రెండు నల్ల కొసలూ ఒకే నల్ల టెర్మినల్లో దూరుతున్నాయి. గోదావరి కాలవల కింద సేద్యం చేసేవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. తూము ఒకటే అయినప్పుడు చేనికి ఒక బోదె తవ్వినా, రెండు తవ్వినా తూములోంచి వచ్చే నీరు అంతే. స్పీకరు దగ్గర పట్టీలు చేస్తున్న పనిని మీరు రిసీవరు దగ్గర చేయిస్తున్నారు. జరిగిన మార్పు అదొక్కటే.

"బొత్తిగా తేడా ఉండదా సార్?" అని సిద్దిపేట నుంచి ఒక కాలేజీ కుర్రాడు రాశాడు. కొలిస్తే ఉంటుంది నాయనా, లేదని అబద్ధం చెప్పను. ఎంత ఉంటుందో లెక్క వేద్దాం. మన ఎలక్ట్రీషియన్లు ఒకటిన్నర వైరు అంటారే, ఆ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తీసుకో. రిసీవరు నుంచి స్పీకరుకు 5 మీటర్ల దూరం అనుకుంటే, పోనూ రానూ 10 మీటర్ల రాగి. దాని నిరోధం సుమారు 0.13 ఓం. స్పీకరేమో 8 ఓంలు. ఆ వైరులో పోయే శబ్దం ఒక డెసిబెల్‌లో ఏడో వంతు. ఇంట్లో కూర్చుని పాట వినేటప్పుడు ఒక డెసిబెల్ తేడా పట్టుకోవడమే కష్టం, ఇక ఏడో వంతు సంగతి చెప్పేదేముంది?

అసలు విషయం ఇంకొకటుంది. పట్టీలు తీసేశాక వూఫరు కరెంటు వూఫరు వైరులోనే నడుస్తుంది. పక్కనే పడున్న ట్వీటరు వైరు దానికి సాయం రాదు. అలా కాకుండా పట్టీలు ఉంచేసి, అవే రెండు వైర్లను ఎరుపుతో ఎరుపు, నలుపుతో నలుపు కలిపి మెలేసి ఒకే లావు వైరులా వాడారనుకోండి, వూఫరుకు రాగి రెట్టింపై నిరోధం సగానికి పడిపోతుంది. అంటే అదే డబ్బుతో, అదే రాగితో, మామూలు పద్ధతిలోనే వూఫరుకు మేలు ఎక్కువ. రెండో జత అమ్మేవాళ్లు ఈ మాట కూడా చెప్పి అమ్మితే నాకు ఏ పేచీ లేదు.

కాకినాడలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇంటికి వెళ్లిన సంగతి ఇక్కడ చెప్పాలి. వాళ్లబ్బాయి అమెరికాలో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు తండ్రికి ఒక రిసీవరు, మనిషి నడుము ఎత్తున్న రెండు టవర్ స్పీకర్లు, బొటనవేలంత లావు వైర్లు కొనిపెట్టాడు. తండ్రీ కొడుకులిద్దరూ నేలమీద కూర్చుని, ఒక పూటంతా కష్టపడి రెండేసి జతలు లాగారు. అబ్బాయి వెళ్లిపోయిన నెలకు నాకు ఫోను. చేసింది మాస్టారు కాదు, అమ్మగారు. నేను వెళ్లేసరికి మాస్టారు హుషారుగా ఉన్నారు. "రెండో జత లాగాక ఎంత తేటగా ఉందో మీరే వినండి" అని కూర్చోబెట్టి ఒక కచేరీ పెట్టారు. గాత్రం, వయొలిన్ నిజంగానే తేటగా, కాస్త పల్చగా వస్తున్నాయి. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మగారు మాత్రం, "నాకు వైర్ల సంగతి తెలియదు బాబూ. మృదంగంలో కుడిచేయి వినపడుతోంది. ఎడమచేయి ఏమైంది?" అన్నారు. ఆవిడ పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్నారట.

స్పీకర్లు ముందుకు జరిపి చూశాను. కుడి స్పీకరులో కింది జత తిరగబడి ఉంది. ఎర్ర స్క్రూకు బిగించాల్సిన కొస నల్లదానికి, నల్లదానికి బిగించాల్సింది ఎర్రదానికి. ఎడమ వూఫరు బయటికి తోస్తున్న క్షణంలోనే కుడి వూఫరు లోపలికి లాగుతోంది. మంద్ర శబ్దాలు గది మధ్యలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఆ పారదర్శకమైన వైరులో రెండు పాయలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒక పాయ మీద సన్నటి గీత మాత్రమే గుర్తు. ఒక్కొక్క జతే లాగితే రెండు స్పీకర్లకూ కలిపి బిగించాల్సిన కొసలు ఎనిమిది. రెండేసి జతలైతే పదహారు. పదహారింటిలో పొరపాటు పడటానికి లెక్కల మాస్టారైనా ఒకటే, నేనైనా ఒకటే.

కొసలు మార్చడానికి నిమిషం పట్టింది. అదే కచేరీ మళ్లీ పెట్టగానే గుమికి వచ్చి గదిలో కూర్చుంది. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నెలరోజులుగా నేను మెచ్చుకుంటున్నది సగం మృదంగం పోయిన పాటనా?" అన్నారు. తర్వాత పట్టీలు తిరిగి బిగించి, ఒక్క జత వైరుతో అదే పాట వినిపిద్దామనుకున్నాను. పట్టీలు దొరకలేదు. సొరుగులు, అట్టపెట్టెలు అన్నీ వెతికి, చివరికి అరగంటకు దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన కనిపించాయి. బంగారు రంగులో ఉన్నాయి కదా, ఏదో విలువైన వస్తువని అమ్మగారే భద్రం చేశారు. బిగించి వినిపిస్తే ఆవిడ కళ్లు మూసుకుని, "ఇందాకటిదే కదా" అన్నారు. అనుకున్నదాని కంటే ఈ కథ పొడుగైంది, కానీ రెండో జతను మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చినప్పుడల్లా నాకు ఆ గది గుర్తొస్తుంది. వైరు మార్చాక సౌండు మారిందని మీరనుకుంటే మొదట అనుమానించాల్సింది కొసల్ని.

పరీక్ష తేలిక. వైరును రిసీవరు నుంచి ఊడదీసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ప్లస్ వైపుకు ఎర్ర కొస, మైనస్ వైపుకు నల్ల కొస ఒక్క క్షణం తాకించండి. వూఫరు అట్ట బయటికి కదలాలి. రెండు స్పీకర్లలోనూ ఒకేలా కదలాలి. అంతకంటే పెద్ద బ్యాటరీ జోలికి పోవద్దు.

నల్గొండ నుంచి ఒక అమ్మాయి రాసింది: సినిమాలో మాటలు దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టున్నాయట. ఎవరో చెప్పారని పట్టీలు తీసేసి, వైరు మాత్రం కింది జతకే బిగించారు. ట్వీటరుకు దారే లేదమ్మా. పట్టీలు పెట్టేయండి, మాటలు వచ్చేస్తాయి.

దీనికి పూర్తిగా ఎదురు పొరపాటు చాలా ప్రమాదం, దయచేసి జాగ్రత్తగా వినండి. ఏడు ఛానళ్ల రిసీవర్లలో బై-యాంప్ అని ఒక సదుపాయం ఉంటుంది. వాడకుండా మిగిలిపోయిన వెనక ఛానళ్లను తెచ్చి ట్వీటర్లకు ఇవ్వడం. ఇది బై-వైరింగ్ కాదు, ఇక్కడ తూములు నిజంగానే రెండు. ఇది చేసేటప్పుడు పట్టీలు తప్పకుండా తీసేయాలి. ఉంచేశారంటే రెండు యాంప్లిఫయర్లు ఒకదాని మీదికి ఒకటి కరెంటు తోస్తాయి, లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు. పైగా ఆ రెండు యాంప్లిఫయర్లకూ మేత వేసే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే కనుక ఇక్కడా శక్తి రెట్టింపు కాదు. ఒకవేళ నిజంగా రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్లు. చెవికి రెండింతలు మోగినట్టు అనిపించాలంటే శక్తి సుమారు పదింతలు కావాలి. రెండు వైర్లతో రెట్టింపు సౌండు అన్న మాట ఏ వైపు నుంచి చూసినా నిలబడదు.

అసలు అంత మోత ఎందుకని కూడా అడగాలనుంది. 80 డెసిబెల్ల దగ్గర వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్లకూ ఆ గంటలు సగమవుతాయి. ఇంట్లో పసిపిల్లలుంటే ఈ లెక్క మరీ గుర్తుంచుకోండి.

రెండో జతకు పెట్టే డబ్బు ఒక్క జత మంచి వైరు మీద పెట్టండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల స్వచ్ఛమైన రాగి వైరు మామూలు హాలుకు సరిపోతుంది. కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం, తీసుకోవద్దు. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రాగికి చిలుము పడుతుంది, రెండు మూడేళ్లకోసారి ఆ కొస కత్తిరించి కొత్తగా ఒలిచి బిగించుకోండి. ఒక్క పోగు కూడా పక్క స్క్రూకు తగలకూడదు. ఏం చేసినా ముందు రిసీవరు ప్లగ్గు పీకేయండి. ఇక స్పీకర్లను షోకేసులో బొమ్మల మధ్య ఇరికించకండి, ట్వీటరు మీరు కూర్చున్నప్పుడు మీ చెవి ఎత్తున ఉండాలి. గోడకు ఆనుకున్న స్పీకరును ఒక్క అడుగు ముందుకు లాగితే వినిపించే తేడా ఏ వైరు వల్లా రాదు.

తణుకు శ్రోతగారూ, మీ గాడి వృథా కాలేదు. అందులో ఒక పైపు వేయించి, ముందు స్పీకర్లకు ఒక్కొక్క జత లాగండి. మిగిలిన చోటు వెనక స్పీకర్ల వైర్లకు వాడుకోండి, అవి ఎలాగూ కావాలి. వైరు కొనడానికి బజారుకు వెళ్లేముందు మాత్రం ఆ నాలుగు పట్టీలు ఇంట్లో ఎక్కడున్నాయో వెతికించండి. సొరుగుల్లో లేకపోతే దేవుడి గూట్లో కూడా చూడండి.