విప్పితే పాట



ముందుగా ఒక పొడుపు కథ వేస్తాను. "గడియారం ఉంది, గంట కొట్టదు. కొట్టిన నాడు వినేవాడుండడు." ఏమిటది? ఆలోచిస్తూ ఉండండి. జవాబు కాసేపాగి చెబుతాను.

ఇది మా అవ్వల కాలం నాటిది కాదు. మా అబ్బాయీ, వాడి స్నేహితులూ మారికుప్పం నుంచి బెంగళూరు పోయే రైల్లో కట్టుకున్నది. మా కోలారు గనుల ప్రాంతంలో పొద్దున్నే బెంగళూరికి ఉద్యోగానికి పోయి, రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు ఎందరో ఉన్నారు. గనులు 2001లో మూతపడ్డాక రైలే మాకు అన్నం పెడుతున్నది. దారిలో కొందరు పేకాడతారు, కొందరు భజన చేస్తారు, చాలామంది నిద్రపోతారు. ఈ కుర్రవాళ్ళు మాత్రం హెవీ మెటల్ పాటల ఆట ఆడతారు.

హెవీ మెటల్ అంటే ఏమిటో మీలో కొందరికి తెలియకపోవచ్చు. ఎలక్ట్రిక్ గిటార్లు ఉరుముతాయి. డ్రమ్ములు రెండు కాళ్ళతో, రెండు చేతులతో వాయిస్తారు. గాయకుడు పాడుతున్నాడో ఎవరినైనా తిడుతున్నాడో మొదట తెలియదు. నేను దానికి "రేకుల షెడ్డు మీద వడగళ్ళ వాన" అని పేరు పెట్టాను. ఆ వాన మా ఇంట్లో ఎనిమిదేళ్ళు కురిసింది. తలుపు వేసుకోరా అని నేను, వేసుకున్నాను నాన్నా అని వాడు. మా ఇద్దరి మధ్య అంతకు మించి మాటలుండేవి కావు.

ఆట సంగతికి వస్తాను. ఒకడు ఒక పాటను మనసులో పెట్టుకుంటాడు. రాగం తీయకూడదు, పాటలోని మాట ఒక్కటీ వాడకూడదు, బృందం పేరు చెప్పకూడదు. మర్మంగా ఒకటి రెండు వాక్యాల్లో ఆనవాలు చెప్పాలి. మిగిలినవాళ్ళకు మూడు అవకాశాలు. విప్పినవాడు తర్వాతి పొడుపు వేస్తాడు. మొదట్లో ఇంగ్లీషులోనే ఆడేవారట. అందులో పాటల పేర్లలోని మాటలు తెలియకుండానే దొర్లేవి. తెలుగులో అయితే ఆ చిక్కు లేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు తెలుగుతో ఇలాంటి అక్కర పడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడు నా గడియారం విప్పుతాను. అది ఇంగ్లండుకు చెందిన ఐరన్ మెయిడెన్ బృందం 1984లో పాడిన "టూ మినిట్స్ టు మిడ్‌నైట్". అంటే అర్ధరాత్రికి రెండు నిమిషాలు. అమెరికాలో అణు శాస్త్రజ్ఞులు నడిపే పత్రికవారు 1947లో ఒక ఊహా గడియారం పెట్టారు. ముల్లు పన్నెండుకు చేరితే లోకానికి ప్రళయం. అమెరికా, రష్యా హైడ్రోజన్ బాంబులు పేల్చి చూసుకున్న తర్వాత, 1953లో దాన్ని రెండు నిమిషాల దూరంలో నిలిపారు. పాట వచ్చిన ఏడు మూడు నిమిషాల దూరంలో ఉంది. 2020లో వంద సెకన్లకు జరిపారు. వడగళ్ళ వాన అని నేను తలుపు వేయించిన దానిలో ఈ సంగతి ఉందని నాకేం తెలుసు?

అదే బృందానిది ఇంకొకటి. "పొమ్మన్నవాడు గుట్ట మీద, పోయినవాడు ఫిరంగి నోట. కథ చెప్పేది చచ్చినవాడే." ఇది 1983 నాటి "ది ట్రూపర్". క్రిమియా యుద్ధంలో, 1854 అక్టోబరు 25న, బాలక్లావా దగ్గర ఆరువందలకు పైగా ఆంగ్లేయ ఆశ్వికులు పొరపాటున అందిన ఆజ్ఞను నమ్మి రష్యా ఫిరంగుల మీదికి పోయారు. ఆ దండులోని ఒక రౌతు చెప్పుకున్న కథ ఆ పాట.

మంచి పొడుపుకు ఒక లక్షణం ఉంది. విప్పాక ప్రతి మాటా అతికినట్టు కుదరాలి, "అవును కదా, నాకెందుకు తట్టలేదు" అని వినేవాడు నాలుక కరుచుకోవాలి. తట్టకపోతే తప్పు నాదే అనిపించాలి గాని వేసినవాడిది కాకూడదు. మా అబ్బాయి స్నేహితుడొకడు "నల్లగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది" అని వేశాడట. వీళ్ళ పాటలన్నీ అంతే కదా! ఆ రోజు వాడి చేత బంగారుపేటలో అందరికీ టీ ఇప్పించారు.

ఈ సంగీతం పుట్టుక గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కర్మాగారాల ఊరు. అక్కడ టోనీ ఐయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే చివరి రోజున, యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకున్నాడు. అతడిది ఎడమచేతి వాటం కాబట్టి తీగెలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గడానికి సన్నని తీగెలు వేశాడు, పోను పోను వాటిని వదులు చేశాడు. స్వరం కిందికి దిగి బరువెక్కింది. అతడి బృందం బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ 1970లో వచ్చింది. ఆ బృందం గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ 2025 జులై 5న సొంత ఊళ్ళో కడపటిసారి, సింహాసనం వంటి కుర్చీలో కూర్చుని పాడి, అదే నెల 22న కన్నుమూశాడు. ఆ వారం రైల్లో ఆట సాగలేదట.

మా నాన్న గని కార్మికుడు. రాయిని పిండి చేసే మిల్లు చప్పుడు విని పెరిగినవాణ్ణి నేను. యంత్రం దగ్గర పుట్టిన పాట నాకే పరాయిగా తోచడం, ఇప్పుడు ఆలోచిస్తే, కొంచెం సిగ్గుగానే ఉంది. అట్లని ఆ పాటలన్నీ బాగుంటాయని నేననను. రక్తం, పుర్రెలు తప్ప ఇంకేమీ లేనివీ ఉన్నాయి. వాటికి ఇప్పటికీ తలుపు వేయిస్తాను.

పోయిన దసరాకు స్నేహితులు మా ఇంటికి భోజనానికి వచ్చారు. వసారాలో ఆట మొదలైంది. మా అమ్మ ఎనభై దాటిన మనిషి, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ వింటోంది. మా వాడు వేశాడు: "కాళ్ళు లేవు, చేతులు లేవు, కళ్ళు లేవు, చెవులు లేవు. తల కొట్టుకుని మాట్లాడుతుంది."

"గుమ్మడికాయ" అంది అమ్మ.

పిల్లలు నవ్వారు. "గుమ్మడికాయ మాట్లాడదు అవ్వా" అన్నాడు మా వాడు.

"మరి తలుపు గొళ్ళెం."

ఎవరో విప్పారు. మెటాలికా అనే అమెరికా బృందం 1988లో పాడిన "వన్". యుద్ధంలో కాళ్ళూ చేతులూ చూపూ వినికిడీ అన్నీ పోయి, ఆసుపత్రి మంచం మీద ప్రాణం మాత్రం మిగిలిన సైనికుడి పాట. దానికి మూలం 1939లో వెలువడిన డాల్టన్ ట్రంబో నవల. అందులో ఆ సైనికుడు తలను దిండుకేసి కొడుతూ టెలిగ్రాఫు సంకేతాల్లో మాట్లాడతాడు. మా వాడు ఇదంతా అవ్వకు చెప్పాడు.

అమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. "ఏదీ, వినిపించు" అంది. పాట ఏడు నిమిషాలకు పైనే. మెల్లగా మొదలై, చివర డ్రమ్ములు మరఫిరంగి పేలినట్టు వస్తాయి. చప్పుడు తగ్గించనా అంటే వద్దంది. అయ్యాక, "నేనొకటి వేస్తాను, విప్పండి" అంది.

"రెండు కాళ్ళ మీద పోయింది, ఒంటికాలితో వచ్చింది, మూడు కాళ్ళ మీద ముప్పై ఏళ్ళు తిరిగింది."

పిల్లలు తెలిసిన పాటలన్నీ చెప్పారు. మూడు అవకాశాలూ అయిపోయాయి. నాకు మాత్రం మొదటి మాటకే తెలిసింది. ఆమె అన్న, నా మేనమామ. 1971 యుద్ధంలో ఒక కాలు పోయింది. రెండు చంక కర్రలతో కలిపి మూడు కాళ్ళు. మా అబ్బాయికి ఆయన గోడ మీద ఫోటో మాత్రమే. "తాతకు ఏమైంది అవ్వా?" అని అడిగాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి ఉత్తరం గురించి, దాన్ని ఇంట్లో ఎవరూ విప్పకుండా రెండు రోజులు దేవుడి గూట్లో పెట్టిన సంగతి అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఉత్తరం కథ నేనూ అంతకు ముందు వినలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో భోజనాలు అయ్యేసరికి పదకొండు దాటింది.