గట్టు మీది చెట్టుకు లెక్క రాద్దాం

(చేవెళ్ల, మొయినాబాద్ మండలాల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మనం ఎప్పుడు కూర్చున్నా టమాట ధర గురించి, పూల మార్కెట్ గురించి, కరెంటు గురించి, యూరియా గురించి మాట్లాడుకుంటాం. ఈసారి గట్టు మీది చెట్ల గురించి మాట్లాడుకుందామని సంఘం నిర్ణయించింది. ఇది పట్నం నుంచి కార్లలో వచ్చే వాళ్ల ముచ్చట అని ఎవరూ అనుకోవద్దు. ఇది మన ఆస్తి ముచ్చట. పాస్‌బుక్కులో భూమికి గుంటలతో సహా లెక్క ఉంది. ఆ భూమి గట్టు మీద ఉన్న ఈత, తాటి, వేప, కానుగ, తుమ్మ ఎన్ని ఉన్నాయో ఏ కాగితంలోనూ లేదు. లెక్క లేని ఆస్తిని ఎవడైనా చవకగా కొనుక్కుపోతాడు. ఇప్పుడు జరుగుతున్నది అదే.

మర్రికి లెక్క ఉంది, ఈతకు లేదు

మన బీజాపూర్ రోడ్డు సంగతి అందరికీ తెలుసు. పోలీస్ అకాడమీ జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. రెండు పక్కలా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేసే పనిలో వాటి విషయం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది, ఏండ్లు నడిచింది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని పంతొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. మన పల్లెల నుంచి పొద్దున్నే కాలేజీలకు, కూలికి, ఆఫీసులకు పోయే జనం తిరిగే రోడ్డు అది. ఆ రోజు నుంచి చెట్టు కావాలా, మనిషి కావాలా అని అడిగే వాళ్లు ఎక్కువయ్యారు. సంఘం మాట ఒక్కటే. రోడ్డు కావాలి, తొందరగా కావాలి. వదిలి కట్టగలిగిన చెట్టును వదిలి కట్టాలి, కదిలించక తప్పని చెట్టును కదిలించి మళ్లీ నాటి బతికించాలి. మనిషిని, చెట్టును ఎదురెదురుగా నిలబెట్టి తగాదా పెట్టడం మన పని కాదు.

ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెప్తున్నామంటే, రోడ్డు మీది మర్రిచెట్లకు నంబర్లు వేసి లెక్కపెట్టిన వాళ్లు ఉన్నారు. అందుకే వాటి గురించి మాట నడిచింది. మన గట్ల మీద పోతున్న చెట్లను లెక్కపెట్టిన వాళ్లు లేరు. అవి ఒక్క పూటలో నేలకొరుగుతున్నాయి. మరునాడు అక్కడ చెట్టు ఉండేదని చెప్పే ఆనవాలు కూడా మిగలడం లేదు.

2015 జూలై 3న హరితహారం మొదలైంది మన చిలుకూరులోనే. ఆ కార్యక్రమంలో ఈత మొక్కలు కూడా నాటారు. ఒక పక్క మొక్కలు నాటడం, ఇంకో పక్క ఎదిగిన చెట్లను కట్టెల కింద అమ్మడం, ఈ రెండూ ఒకే ఊళ్లో నడుస్తున్నాయి.

రంపం మిషన్ వచ్చిన తర్వాత

పూర్వం గొడ్డలితో చెట్టు కొట్టాలంటే ఇద్దరు మనుషులకు దినమంతా పట్టేది. కొట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకునేవారు, పక్క గట్టు రైతు అడ్డం వచ్చేవాడు. ఇప్పుడు పెట్రోలు మిషన్ వచ్చింది. పది నిమిషాల్లో చెట్టు కింద పడుతుంది. ఆలోచించుకునే వ్యవధి కూడా మిషన్‌తో పాటే పోయింది.

మిషన్ తప్పు కాదు. ఎండిన చెట్టును తీయాలన్నా, గాలికి పడ్డ కొమ్మను కోయాలన్నా అది మంచి పనిముట్టే. తప్పంతా బేరంలో ఉంది. వ్యాపారి వచ్చి గట్టు చూసి, మొత్తం గుత్తగా ఇంత అంటాడు. ఎన్ని చెట్లో చెప్పడు, ఎన్ని టన్నులు వస్తాయో చెప్పడు. మనకు ఆ రోజు చేతిలో డబ్బు అవసరం ఉంటుంది. అతను ట్రాక్టరు నింపుకొని కాంటా పెట్టించి టన్నుల లెక్కన అమ్ముకుంటాడు. వడ్లు గుత్తకు అమ్ముతామా? మరి చెట్టును ఎందుకు అమ్మాలి?

ఇంకో మాట. తాటి, ఈత మొద్దులు కట్టెకు పనికొచ్చేవి కావు. పీచు మొద్దు పొయ్యిలో నిలిచి మండదు. కట్టె కావాలంటే సర్కారు తుమ్మ ఉంది. చెరువు శిఖంలో, కాల్వ గట్ల మీద, బీడు భూముల్లో అల్లుకుపోయింది. కొట్టినా మళ్లీ చిగురిస్తుంది, మంట బాగుంటుంది. సుబాబుల్, కానుగ, గ్లైరిసిడియా కూడా కొట్టిన మొదలు నుంచి మళ్లీ వస్తాయి. తాటికి, ఈతకు ఆ గుణం లేదు. వాటికి ప్రాణమంతా నెత్తిన ఉన్న ఒక్క మొవ్వలోనే. తల తెగితే చెట్టు అయిపోయినట్టే. తాటి గీతకు రావాలంటే పదిహేనేండ్ల దాకా పడుతుంది. తండ్రి నాటింది కొడుకు చేతికి వచ్చే పంట అది. దాన్ని రెండు ట్రాక్టర్ల కట్టెగా లెక్కగట్టడం పాడి బర్రెను తోలు ధరకు అమ్మడమే.

మిషన్ పట్టే కూలీల సంగతి కూడా చెప్పుకోవాలి. తలకు టోపీ లేదు, కండ్లకు అద్దాలు లేవు, కాళ్లకు చెప్పులు. మిషన్ ముందు కొన కట్టెకు తగిలితే ఒక్కసారిగా వెనక్కి, మొహం మీదికి ఎగిరి వస్తుంది. భుజం కంటే పైకి ఎత్తి కోయొద్దు. నిచ్చెన మీద నిలబడి కోయొద్దు. ఒక్కడే పనిచేయొద్దు. కరెంటు తీగల దగ్గర లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా కొమ్మ ముట్టొద్దు. మన పొలంలో పనిచేసే మనిషి బాగోగులు మనమే చూసుకోవాలి.

చెట్టు రైతుది, గీత గౌడన్నది

ఇప్పుడు నిలబడ్డ చెట్టు ఏమిస్తుందో చూద్దాం. ఈత చెట్టును చలికాలంలో ఒక ఏడు ఒక పక్క, మరుసటి ఏడు రెండో పక్క గీస్తారు. ముదురు చెట్టు మీద కాట్లు లెక్కపెడితే అది ఎన్నేండ్లు కల్లు ఇచ్చిందో తెలుస్తుంది. తాటిలో పోతు చెట్టు ఒక కాలానికి, పండు చెట్టు ఇంకో కాలానికి పారుతుంది. అందుకే గట్టు మీద రెండు రకాలూ ఉండాలని పెద్దలు చూసుకునేవారు. ఈ పనితనం గౌడన్నలది. మోకు, ముస్తాదు కట్టుకొని ప్రాణం పణంగా పెట్టి ఎక్కుతారు. మన జిల్లాలోనే అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో 2024 జూలై 14న కాటమయ్య రక్షణ కిట్ల పథకం మొదలుపెట్టారు. ఆ కిట్టు ప్రతి గీత కార్మికునికీ అందాలి. అందిన తర్వాత ఎక్కడానికి చెట్టు కూడా మిగలాలి.

చెట్టు తగ్గితే కల్లు తాగేవాళ్లు తగ్గరు. కల్లు పేరుతో మందు కలిపిన నీళ్లు వస్తాయి. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. తాగినవాళ్లలో ఎక్కువ మంది కూలి నాలి చేసుకునే జనమే. పట్నం చుట్టూ ఈత వనాలు పోయిన కొద్దీ ఈ వ్యాపారానికి చోటు పెరుగుతుంది. గట్టు మీది చెట్టు కూలివాని ఆరోగ్యానికి కూడా సంబంధించిన విషయం అంటున్నది అందుకే.

కల్లు ఒక్కటే కాదు. పొద్దు పొడవక ముందు దించి, పులవకుండా చూస్తే అది నీరా. లొట్టి లోపల సున్నం పూస్తే పులుపు ఆగుతుంది. నీరాను కాస్తే పాకం, ఇంకా కాస్తే తాటి బెల్లం. ఆంధ్రప్రదేశ్‌లో రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటి నీరా మీద, తాటి బెల్లం మీద పని జరుగుతున్నది. మన హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచారు. అక్కడికి మన మొయినాబాద్ నుంచి గంటన్నర ప్రయాణం కూడా లేదు.

లెక్క చూద్దాం. పది తాటి చెట్లు, చెట్టుకు రోజుకు మూడు లీటర్ల నీరా అనుకుందాం. ముప్పై లీటర్లు. పది లీటర్లకు సుమారు కిలో బెల్లం లెక్కన మూడు కిలోలు. పాకం దగ్గరే ఆపితే నాలుగు లీటర్ల దాకా వస్తుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మూడు కిలోల బెల్లం కావాలంటే ఇరవై ఏడు లీటర్ల నీళ్లు ఆవిరి కావాలి. మామూలు మూడు రాళ్ల పొయ్యి మీద దానికి ఇరవై కిలోలకు పైగానే ఎండు కట్టె పోతుంది. ఒక చెట్టును కాపాడి బెల్లం వండుతామని ఇంకో చెట్టును కొడితే లాభం ఏముంది? అందుకని పొయ్యి మార్చాలి. గొట్టం పెట్టిన పొయ్యి, వెడల్పాటి లోతు తక్కువ మూకుడు కావాలి. కట్టెకు సర్కారు తుమ్మ, ఎండిన తాటి మట్టలు, కొట్టిన సుబాబుల్ కొమ్మలు వాడాలి. బెల్లం దాకా పోకుండా పాకం దగ్గర ఆపితే కట్టె కూడా కొంత మిగులుతుంది.

కెనడా దేశం క్యూబెక్‌లో మేపుల్ అనే చెట్టు ఉంది. చలికాలం చివర దానికి రంధ్రం పెట్టి తీపి నీళ్లు తీసి కాస్తారు. నలభై లీటర్లు కాస్తే లీటరు పాకం. మన తాటి నీరాలో తీపి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ప్రపంచమంతా వాళ్ల పాకం అమ్ముడుపోతుంది. కారణం వాళ్ల చెట్టు గొప్పతనం ఒక్కటే కాదు. అక్కడి రైతులు 1966లోనే సంఘం పెట్టుకున్నారు. పాకాన్ని కలిసి అమ్ముతారు, ఎక్కువ పండిన ఏడు నిల్వ పెట్టి తక్కువైన ఏడు తీస్తారు. వ్యవసాయ భూమిలో ఉన్న మేపుల్ తోటను అనుమతి లేకుండా కొట్టకూడదని అక్కడ చట్టం ఉంది.

మనకూ చట్టం ఉంది

2002లో వచ్చిన వాల్టా చట్టం నీళ్లకు, భూమికి, చెట్లకు కలిపి చేసిందే. బోరు వేసేటప్పుడు మాత్రమే మనకు ఆ పేరు వినపడుతుంది. చెట్టు కొట్టడానికి కూడా అనుమతి తీసుకోవాలని అందులోనే ఉంది. కల్లు చెట్లకు ఎక్సైజ్ శాఖ అనుమతి కూడా కావాలి. ఈ అనుమతులు చిన్న రైతుకు తిరుగుడు, పెద్ద వ్యాపారికి అడ్డం లేనిది కాకూడదు. ఒక ఎండిన వేప కోసం రైతును నెల తిప్పి, వందల చెట్లున్న భూమిని జేసీబీతో ఒక్క రోజులో చదును చేస్తే చూడనట్టు ఉండటం న్యాయం కాదు.

మన దగ్గర ఇది ఎందుకు ఎక్కువైందో దాచుకోవాల్సింది లేదు. 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో జంట జలాశయాల చుట్టూ 84 ఊళ్లలో కట్టడాలకు అడ్డం పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ అడ్డం తీసేశామన్నారు. ఆ జీవోల మీద మనలో వేర్వేరు అభిప్రాయాలు ఉన్నాయి, ఉండనీయండి. భూమి అమ్ముకునే హక్కు రైతుది. కానీ కొనుక్కున్నవాళ్లు మొదట చేసే పని గట్లు తీసి చెట్లు కొట్టడం. గట్టు పోతే వాన నీళ్లు ఆగవు, పక్క రైతు బోరు కిందికి పోతుంది. మూసీ, ఈసీ వాగులకు పోయే నీళ్లు మన గట్ల మీద నుంచే పోతాయి.

సంఘం పెడుతున్న తీర్మానాలు

ఒకటి. ప్రతి ఊరి కమిటీ సర్వే నంబరు వారీగా గట్టు మీది చెట్లను లెక్కపెట్టి రిజిస్టర్ రాయాలి. తాటి ఎన్ని, ఈత ఎన్ని, గీతకు వచ్చినవి ఎన్ని, కట్టె చెట్లు ఎన్ని వేర్వేరుగా రాయాలి.

రెండు. గుత్త బేరం వద్దు. కట్టె అమ్మేది ఉంటే కాంటా వేసి టన్ను లెక్కన అమ్మాలి. తాటి, ఈతను కట్టె బేరంలో కలపొద్దు.

మూడు. చెట్లున్న రైతు, ఊరి గీత కార్మిక సంఘం మధ్య కాగితం మీద ఒప్పందం ఉండాలి. గీసే హక్కు వాళ్లది, చెట్టుకు రావాల్సిన వాటా రైతుది. కౌలు రైతు ఉంటే అతని వాటా కూడా రాయాలి.

నాలుగు. రెండు మండలాలకు కలిపి ముందు ఒక చోట నీరా పాకం పొయ్యి పెట్టి ఒక కాలం నడిపి చూద్దాం. లైసెన్సు గీత కార్మికుల పేరు మీద, కట్టె, చోటు రైతుల తరఫున. నష్టమా లాభమా లెక్క ఈ పత్రికలోనే అచ్చు వేద్దాం.

ఐదు. ఊళ్లో రంపం మిషన్ ఎవరు నడిపినా టోపీ, అద్దాలు, బూట్లు ఉంటేనే పొలంలోకి రానివ్వాలి.

ప్రభుత్వాన్ని అడిగేవి మూడు. చిన్న రైతు ఎండిన చెట్టు అనుమతికి ఒకే చోట దరఖాస్తు, గడువులోగా జవాబు ఉండాలి. వెంచర్లకు అనుమతి ఇచ్చే ముందు ఆ భూమిలో ఉన్న తాటి, ఈత చెట్లను గీత కార్మికుల ఎదుట లెక్కపెట్టాలి. నర్సరీల్లో తాటి, ఈత మొక్కలు పెంచి అడిగిన రైతుకు ఇవ్వాలి.

మిత్రులారా, ఇక్కడి నుంచి పోయాక ఎవరి గట్టు మీది చెట్లు వాళ్లు లెక్కపెట్టండి. వచ్చే నెల కమిటీ సమావేశానికి ఆ కాగితంతో రండి. వ్యాపారి మీ గట్టు దగ్గరికి వచ్చే లోపు ఆ లెక్క మన చేతిలో ఉండాలి.

రైతు, గీత కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి.