కథ చెప్పువానికి వేయు పీట



జనమేజయ మహారాజు మహాభారతమును ఎచ్చట విన్నాడో మీకు తెలియనిది కాదు. సర్పయాగశాలలో, కర్మకును కర్మకును నడుమ దొరకిన విరామములయందు, వ్యాసశిష్యుడగు వైశంపాయనుడు చెప్పగా విన్నాడు. ఆ కథ ఎవరిది? విన్నవాని పెద్దలదే. అర్జునుని మునిమనుమడు అర్జునుని కథను ఇతరుల నోట వినవలసి వచ్చినది. శ్రీరామచంద్రుడును అంతే. అశ్వమేధ సమయమున ఇద్దరు మునిబాలకులు పాడుచుండగా తన కథను తానే సభలో కూర్చుండి ఆలకించినాడు.

వంశము ఒకరిది, వంశకథ మరియొకరి నోట నుండును. కథను కాపాడుట వారి ధర్మము, వారిని కాపాడుట వీరి ధర్మము. ఈ ఏర్పాటు పురాణకాలముతో ముగిసినదని మనలో చాలమంది తలంతురు. గోదావరికి ఈవల కరీంనగరము, ఆవల ఆదిలాబాదు. 2016లో ఈ రెండు జిల్లాలును పలు జిల్లాలుగా విడిపోయినను జనుల వాడుకలో పాత పేర్లే నిలిచియున్నవి. ఈ రెండు గట్లమీదను ఆ ఏర్పాటు నేటికిని సజీవముగా నున్నది. దానిని గూర్చియే నేడు మనము కొంత ముచ్చటించుకొందము.

ముందుగా ఆవలి గట్టునకు పోదము. ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలమున కెస్లాపూర్ అను గ్రామము కలదు. ప్రతి సంవత్సరము పుష్యమాసపు అమావాస్య రాత్రి అచ్చట మెస్రం వంశపు గోండులు నాగోబాకు మహాపూజ చేయుదురు. పూజకు వలసిన జలము ఊరి బావిలోనిది చాలదు. జన్నారం మండలములోని కలమడుగు చెంత గోదావరిలో హస్తినమడుగు అను చోటు కలదు. మెస్రం వంశీయులు కాలికి చెప్పులు లేక, కొండదారులవెంట రోజుల తరబడి నడచి పోయి, ఆ మడుగు నీటిని ఝారి అను ఇత్తడి పాత్రలో నింపుకొని వత్తురు. దారిలోని పల్లెలలో మజిలీలు చేయుదురు. తిరిగి వచ్చిన తోడనే గుడిలోనికి పోరు. మర్రిచెట్టు చెంత విడిసి అమావాస్యకై వేచియుందురు.

పూజకు కావలసిన కుండలను, ప్రమిదలను సిరికొండలోని కుమ్మరులు చేసి ఇత్తురు. ఆ కుమ్మరులు గోండులు కారు. తరతరములుగా వచ్చుచున్న బాధ్యతగా ఆ పని చేయుచున్నారు. వంశపు ఆడపడుచులును అల్లుళ్లును కోనేటి నీటితో మట్టిని మెత్తజేసి పుట్టలను క్రొత్తగా కట్టుదురు. ఆ సంవత్సరము వంశమున అడుగిడిన కోడండ్రు తెల్లని చీరలు ధరించి, ముసుగుతో వచ్చి దేవుని యెదుటను పెద్దల యెదుటను పరిచయము పొందుదురు. దీనినే భేటింగ్ అందురు. ఈ భేటి జరిగిన పిదపనే ఆ కోడలికి వంశపూజలలో పాలు లభించును. చూచితిరా, ఒక్క రాత్రి పూజలో నీరు తెచ్చువారు ఒకరు, కుండ చేయువారు ఒకరు, పుట్ట కట్టువారు వేరొకరు. ఎవరి పని వారు మానినను పూజ సాగదు.

ఇన్ని పనులకును ఆధారము కథయే. నాగోబా కథకు ఒకటికి మించిన పాఠములు కలవు. ఒక పాఠమున, నాగమోతి అను రాణి కడుపున నాగేంద్రుడు సర్పరూపమున జన్మించును. ఆమె తన సోదరుని కుమార్తె గౌరిని అతనికి ఇచ్చి పెండ్లి చేయును. కట్టుకొన్నవాడు పామైనను గౌరి అతనిని విడువదు. ఇరువురును గోదావరికి చేరుదురు. గౌరి ఆ నదిలోనే లీనమగును. నాగరాజు మరలి వచ్చి కెస్లాపూరు పుట్టలో వెలయును. నీరు ఏటినుండి ఎందులకు రావలెను, క్రొత్తకోడలిని దేవుని ముందు ఎందులకు నిలుపవలెను అని అడిగినచో, ఆ కథలోనే సమాధానము దొరకునని మాకు తోచుచున్నది. ఏటేట గోదావరి జలము కెస్లాపూరు చేరినపుడు కోడలు అత్తవారింటికి వచ్చినట్లే కదా.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. నాగోబాను మన పురాణములలోని ఫలానా నాగుడే అని తొందరపడి నిర్ణయించుట మాకు సమ్మతము కాదు. వారి వేల్పునకు వారి కథ కలదు. మనము చేయవలసినది వినుట.

ఆ కథను పాడువారు ప్రధానులు. వీరి చేతి వాద్యము కిక్రి. తోలు కప్పిన కొయ్యకు గుర్రపు వెంట్రుకల తంత్రులు మూడు బిగించి కమానుతో వాయింతురు. గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల శాఖలుగా విభజింపబడియుందురు. ఒకే శాఖవారు పరస్పరము పెండ్లిసంబంధము కలుపుకొనరాదు. మెస్రంలు ఏడు వేల్పులవారు. ఏ వంశము ఏ శాఖకు చెందినది, ఆ వంశపు మూలపురుషులు ఏ కొండ దిగి ఏ వాగు దాటి వచ్చిరి అను వివరమంతయు ప్రధాను కంఠమున నుండును. పహండి కుపార్ లింగాలు జంగుబాయి తోడుగా, గుహలో బంధింపబడియున్న గోండు వేల్పులను విడిపించిన వృత్తాంతమును వీరే గానము చేయుదురు. పూజకును ప్రధాను రావలెను, పెద్దల కర్మకును ప్రధాను రావలెను. ధాన్యము, వస్త్రము, పశువు అతనికి రావలసిన పాలు. అది భిక్ష కాదు. మరియొక విశేషము: ఆదిలాబాదు ప్రధానులు పెక్కుమందికి ఇంటిభాష మరాఠీ, అయినను వంశకథను పాడునపుడు గోండి భాషలోనే పాడుదురు. తనది కాని వంశపు కథను, తన ఇంట పలుకని భాషలో, తప్పు దొరలకుండ తరతరములు మోయుట సామాన్యమైన తపస్సా?

అడవిలో బ్రతుకు అదుపుతో కూడినది కావలెను. క్రొత్తగా వచ్చిన ఇప్పపువ్వునైనను క్రొత్త ధాన్యమునైనను వేల్పులకును పెద్దలకును నివేదింపక ముందు నోట పెట్టరాదని గోండుల నియమము. పువ్వు రాలినదే తడవుగా ఎవరికి వారు దోచుకొనిపోకుండ ఇది ఒక కట్టుబాటు. ఈ నియమములను వ్రాసిపెట్టిన స్మృతిగ్రంథము లేదు. వేల్పుల కథ వినుచు పెరిగిన పిల్లవానికి వేరుగా ఎవరును చెప్పవలసిన పని లేదు.

ఇక ఈవలి గట్టు. కరీంనగరపు పల్లెలలో ఈ ఏర్పాటునే ఆశ్రితకులముల వ్యవస్థ అని పండితులు పిలుతురు. పద్మశాలీలకు కూనపులివారు భావనాఋషి కథను, మార్కండేయ పురాణమును చెప్పుదురు. ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు కలరు. పలువురు పటము కట్టి చెప్పుదురు. ఆ పటములను వ్రాయు నకాషీల నెలవు చేర్యాల. మూరల కొలది పొడవుగల ముతకగుడ్డకు చింతగింజల జిగురును, సుద్దను పట్టించి, ఎర్రని నేలపై ఘట్టము తరువాత ఘట్టముగా బొమ్మలు వ్రాయుదురు. మందహెచ్చులవారికి పటమునకు మారుగా బొమ్మలు. ఈ నేలన దొరకు చింతగింజ, సుద్దమట్టి, పొనికికర్ర, గొర్రెతోలు, ఇవియే కథకు సామగ్రి. దూరదేశపు వస్తువు ఒక్కటియు అక్కరలేదు.

ఒగ్గువారి సంగతి కొంత వేరు. వారు మల్లన్న, బీరన్నల కథ చెప్పుటయే గాక పసుపు కుంకుమలతో పట్నము వేసి పూజ నడిపింతురు. వేములవాడ చెంతనున్న హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు ఒగ్గుకథను రాష్ట్రమంతట వినిపించి 2010లో కన్నుమూసినారు. మహాకవి సి. నారాయణరెడ్డిగారును ఆ హనుమాజీపేటవారే. జ్ఞానపీఠము పొందిన కవిని ఎరిగినంతగా ఒగ్గుకథకుని ఎరిగినవారు మన సభలలో తక్కువ. ఈ మాట నిష్ఠూరముగానే చెప్పుచున్నాము.

మన ఏర్పాటులో గొప్పయు కలదు, మచ్చయు కలదు. కథ చెప్పువానిని కథ వినువారు తమకంటె తక్కువవానిగా చూచుట గోండు గూడెములలోను కలదు, మన పల్లెలలోను కలదు. కథను ఇంటిలోనికి పిలిచి, కథకుని వాకిటనే నిలిపినారు. ఈ విషయమున భాగవతము దశమస్కంధములోని ఘట్టమొకటి స్మరింపదగినది. నైమిశారణ్యమున ఋషులు రోమహర్షణుడను సూతుని ఉన్నతాసనముపై కూర్చుండబెట్టి పురాణము వినుచుండిరి. బలరాముడు అచ్చటికి వచ్చినాడు. అందరును లేచి నిలిచిరి, సూతుడు లేవలేదు. ప్రతిలోమజాతుడు ఇంత ఎత్తున కూర్చుండుటయా అని బలరాముడు ఆగ్రహించి దర్భతో కొట్టగా సూతుడు మరణించినాడు. ఋషులు హాహాకారము చేసిరి. ఆ ఆసనము మేమిచ్చినదే, నీవు చేసినది బ్రహ్మహత్యతో సమానమైన దోషము అని చెప్పిరి. సాక్షాత్తు బలరాముడంతటివాడు ఆ మాటకు తలవంచి, సూతుని కుమారుని పురాణవక్తగా నిలిపి, ప్రాయశ్చిత్తముగా తీర్థయాత్ర చేసినాడు. పీటపై కూర్చున్నవాని పుట్టుకను అడిగినవాడు బలరాముడు. పీట వేసినవారు ఋషులు. భాగవతకర్త ఎవరి పక్షమున నిలిచినాడో వేరుగా చెప్పవలెనా?

కాలము మారినపుడు ఈ కథలు కూడ మారినవి. నైజాము పాలనలో అడవులకు హద్దులు గీచి గోండులను వారి సేద్యభూములనుండి వెడలగొట్టిరి. 1940లో జోడేఘాట్ కొండలలో కొమురం భీము నేలకొరిగినాడు. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల స్థితిని పరిశీలించుటకు నియమించిన పండితుడు హైమన్‌డార్ఫ్ మార్లవాయి గ్రామమున నివసించినాడు. 1943లో అచ్చట ఉపాధ్యాయశిక్షణకేంద్రము వెలసినది. గోండుల కథలే గోండు బాలుర వాచకములలో పాఠములైనవి. నాగోబా జాతరలో అధికారులు ప్రజల మొర వినుటకు దర్బారు జరుపు ఆచారము కూడ ఆ దశకముననే మొదలైనది. వంశకథలు పాడిన నోళ్లే క్రమముగా భీము కథను కూడ పాడసాగినవి.

వ్రాతకు కూడ ఈ కథకులు అపరిచితులు కారు. నార్నూరు మండలము గుంజాల గ్రామమున ప్రధానుల యొద్ద గోండి భాషకు చెందిన ప్రత్యేకలిపిలో వ్రాతప్రతులు లభించినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు మొదలగువారు వానిపై కృషి చేసినారు. 2018లో ఆ లిపికి కంప్యూటరు అక్షరముల ప్రపంచపట్టిక యగు యూనికోడ్‌లో స్థానము లభించినది. వినినవారందరును సంతోషించినారు, మేమును సంతోషించితిమి. అయినను అక్షరము ఉండుట వేరు, పుష్యమాసపు చలిరాత్రి కిక్రి చేతబట్టి కూర్చుండు మనిషి ఉండుట వేరు.

ఆ మనిషికి నేడు కష్టకాలము. వినువారు పొలము విడిచి పట్టణమునకు పోయినచో చెప్పువాని పాలు ఆగిపోవును. అతని కుమారుడు ఏ కూలికో, ఏ కొలువుకో పోవును. అది తప్పనలేము. వేదికలమీద పదినిమిషములు వ్యవధి ఇచ్చి, రాత్రులకొలది సాగు కథలోనుండి ఒక్క ముక్కను కోసి చూపుమనుట మాత్రము మాకు బాధ కలిగించును. శాలువ కప్పుటలో లోటు లేదు, వినుటలోనే లోటు. ఇందుకు భిన్నమైనదియు కలదు. కెస్లాపూరులో మెస్రం వంశీయులు తమలో తాము చందాలు వేసికొని రాతితో నూతన దేవాలయము నిర్మించుకొని, 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరుపుకొన్నారు. అంతటి గుడి కట్టినపిదపను, ఝారి పట్టుకొని చెప్పులులేని పాదములతో నడచుట మానలేదు.

మన భక్తులలో కొందరు ఏటేట నాగోబా జాతరకు పోవుచున్నారు. అమావాస్య మరునాటినుండి జనము క్రిక్కిరిసియుందురు, ఏమియు వినబడదు. వీలైనచో రెండుమూడు దినములు ముందుగా పోవుడు. ఝారి మర్రిచెట్టు చెంతనే యుండును. పొయ్యిలచుట్టు మెస్రం కుటుంబములు కూర్చుండియుండును. కథ సాగుచున్నచో నడుమ లేవకుడు. గోండి అర్థము కాదని వెనుదీయవద్దు, ప్రక్కన కూర్చున్న పెద్దవారిని అడిగినచో తెలుగున చెప్పుదురు. కథ ముగిసినపిమ్మట ప్రధానుకు ఏమి సమర్పింపదలచినను, వంశపెద్దల అనుమతితో, రెండు చేతులతో సమర్పింపుడు.